నా బండికి ఏం మార్చారో రాసి ఇవ్వండి: ఒక అంబాసిడర్ యజమాని ఫిర్యాదు

నల్లగొండ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నా 1974 మోడల్ అంబాసిడర్ మార్క్ 2కి మీ వర్క్‌షాపులో చేసిన మార్పుల వివరాలు ఇవ్వకపోవడం, వాటిని తోటి యజమానులకు చెప్పొద్దని షరతు పెట్టడం గురించి.

అయ్యా,

మా నాన్నగారు కొన్న అంబాసిడర్‌ను రెస్టోరేషన్ కోసం హైదరాబాద్‌లోని మీ వర్క్‌షాపుకు ఇచ్చాను. ముందు చక్రాలకు డ్రమ్ముల బదులు డిస్క్ బ్రేకులు, బండికి కరెంటు ఇచ్చే పాత డైనమో తీసేసి ఆల్టర్నేటర్, వైరింగ్ మొత్తం కొత్తది వేస్తామన్నారు. అడిగినంత డబ్బు కట్టాను. పెయింటు, సీట్ల పని చక్కగా చేశారు, ఆ విషయంలో నాకు ఏ పేచీ లేదు. నా బాధంతా బానెట్ కింద ఏం చేశారో ఒక్క ముక్క కూడా రాసి ఇవ్వకపోవడం గురించే.

మీరిచ్చిన బిల్లులో "బ్రేక్ కన్వర్షన్, లంప్‌సమ్", "ఎలక్ట్రికల్ పని, లంప్‌సమ్" అని మాత్రమే ఉంది. కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టి ఆపే భాగం) ఏ బండిది, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకులకు ప్రెషర్ పంపేది) మార్చారా లేదా, ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లది, ఫ్యూజులు, రిలేలు ఎక్కడ పెట్టారు, ఏ వైరు ఎటు పోతుంది, ఏదీ లేదు. విప్పిన పాత సామాను కూడా తిరిగి ఇవ్వలేదు.

బండి ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే మిర్యాలగూడలో పెళ్లికి ఇంటిల్లిపాదీ బయలుదేరాం. తిప్పర్తి దగ్గరికి వచ్చేసరికి ఎవరో వెనక నుంచి పట్టి గుంజుతున్నట్టు బండి బరువెక్కింది. దిగి చూస్తే ముందు చక్రాలు రెండూ చెయ్యి పెట్టలేనంత వేడి, మాడు వాసన. పిల్లలను, మా అమ్మను దింపి చెట్టు కింద కూర్చోబెట్టి మెకానిక్‌ను పిలిపించాను. అతను చక్రం విప్పి, కాలిపర్ మీద సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. పార్ట్ నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ గీతలు మెరుస్తున్నాయి. "నంబర్ గీకేసిండ్రు సార్, ఇది ఏ బండిదో తెలిస్తే కదా ప్యాడ్లు తెచ్చేది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత నల్లగొండలో బ్రేక్ లైన్ మొత్తం విప్పించాక అసలు సంగతి తెలిసింది. డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో లైనులో కొంచెం ప్రెషర్ ఎప్పుడూ నిలిపి ఉంచే వాల్వ్ ఒకటి ఉంది. డ్రమ్ములో స్ప్రింగులు బ్రేక్ షూలను వెనక్కి లాగేస్తాయి కాబట్టి దానితో ఇబ్బంది లేదు. డిస్కుకు అలా లాగే స్ప్రింగులు ఉండవు. ఆ మిగిలిన ప్రెషర్‌కు ప్యాడ్లు డిస్కును వదలవు, నడిచేకొద్దీ కాలిపోతాయి. మీరు పాత మాస్టర్ సిలిండర్ అలాగే ఉంచి దానికి డిస్కులు బిగించారు. ఆ ఒక్క మాట జాబ్ కార్డులో, అంటే చేసిన పని రాసే కాగితంలో, రాసి ఉంటే తిప్పర్తిలోనే లోపం దొరికేది. మీ సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే "అది మా కంపెనీ టెక్నికల్ సమాచారం, కస్టమర్లకు ఇవ్వం" అన్నారు. డబ్బు నాది, బండి నాది, అందులో కూర్చునేది నా వాళ్లు.

ఇంతకంటే నాకు కోపం తెప్పించింది ఇంకొకటి ఉంది. విప్పిన కాలిపర్ ఫొటోలు తోటి యజమానులకు పంపితే, డెలివరీ కాగితంలోని షరతు గుర్తు చేస్తూ మీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మార్పుల ఫొటోలు, కొలతలు బయటివాళ్లకు ఇస్తే వారంటీ రద్దట.

ఆ బయటివాళ్లు ఎవరో చెబుతాను. నల్లగొండ, సూర్యాపేట, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మిని కార్లు, జీపులు ఉన్నవాళ్లం. ఎవరి బండికి ఏ మార్పు చేసినా రాసి, ఫొటో తీసి మిగతావాళ్లకు పంపుతాం. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకు ఎన్నో ఏళ్ల ముందే పోయింది. షోరూముకు వెళ్లి అడుగుదామంటే షోరూమే లేదు. జడ్చర్లలో ఒకాయన తన పద్మినికి ఆల్టర్నేటర్ పెట్టిస్తే బెల్టు వంకరగా నడిచి మాటిమాటికీ తెగేది. బ్రాకెట్ ఎంత కోయించాక పుల్లీలు ఒక వరుసలోకి వచ్చాయో ఆయన కొలతలతో గీసి పంపారు. మిర్యాలగూడలో ఇంకొకరికి ఆ తిప్పలన్నీ తప్పాయి. ఆల్టర్నేటర్ పెడితే డైనమోకు ఉండే పాత కటౌట్ పెట్టె తీసేయాలని, కరెంటు చూపించే అమ్మీటరుకు పోయే పాత సన్న వైరు ఆ కరెంటుకు తట్టుకోదని, లావు వైరు వేయించాలని మాలో చాలామంది నేర్చుకున్నది ఇలాగే. తెలియనివాడి బండిలో డాష్‌బోర్డు వెనక వైర్లు అంటుకుంటాయి. దీన్ని ఆపే హక్కు మీకు ఎవరిచ్చారు?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. నా బండికి 50 ఏళ్లు దాటాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల కింద, అంత పాత బండ్లకు ఇచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పెడదామనుకుంటున్నాను. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చిన బండికి అది రాదు. పని మధ్యలో ఇంజిన్ దించారని మీ వర్క్‌షాపు కుర్రాడే చెప్పాడు. దించి ఏం చేశారు? ఛాసిస్‌కు ఎక్కడైనా వెల్డింగ్ పెట్టారా? ఆర్టీఏ ఆఫీసులో అడిగితే జవాబు చెప్పాల్సింది నేను, మీరు కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కస్టమర్‌కు చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం సేవాలోపమే. కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లో నా బండికి వాడిన ప్రతి పార్టు పేరు, నంబరు, అది ఏ బండిదో రాసిన జాబ్ కార్డు, వైరింగ్ డయాగ్రమ్, ఇంజిన్, ఛాసిస్‌కు చేసిన పనుల వివరం ఇవ్వండి. బ్రేకులు మీ ఖర్చుతో సరిచేయండి, పాత సామాను తిరిగి పంపండి. ఆ షరతును నా ఒక్కడికే కాదు, మీ కస్టమర్లందరికీ ఎత్తేయండి. లేదంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఫిర్యాదు చేసేవాళ్లు ఉన్న జిల్లాలోనే వేయొచ్చని చట్టంలో ఉంది, హైదరాబాద్ తిరగాల్సిన పని నాకు లేదు.

ఫోన్లో వివరణలు వద్దు. కాగితం మీద, సంతకం, స్టాంపుతో పంపండి. ఆ కాగితాలు రాగానే మావాళ్లందరికీ పంపిస్తాను, ముందే చెబుతున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్,
నల్లగొండ

జతపరిచినవి: బిల్లు నకలు, డెలివరీ కాగితం నకలు, కాలిపర్ ఫొటోలు, మెకానిక్ రాసిచ్చిన చీటీ.