నాన్నకు, డెత్ వ్యాలీ ఘాట్ రోడ్డు సంగతి

కాలిఫోర్నియా,
ఏప్రిల్ 4

నాన్నకు నమస్కారాలు.

ఫోన్లో "ట్రిప్పు బాగా జరిగింది" అని మాత్రమే చెప్పాను. అమ్మ నీ పక్కనే ఉంది, వింటే ఆ రాత్రి నిద్రపోదు. అసలు జరిగింది నీకు వివరంగా రాయాలనిపించింది. చదివాక అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు. ఇక్కడ అందరం క్షేమం.

మేం అద్దెకు తీసుకున్న బండిని ఆర్వీ అంటారు. ముందు వ్యాను, వెనక ఇల్లు. పడకలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే. దాంట్లో డెత్ వ్యాలీ అనే ఎడారి లోయకు వెళ్ళాం. అక్కడ ఉప్పు నేల సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంటుంది. 1913 జూలైలో అక్కడ నమోదైన 56.7 డిగ్రీలే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. అందుకే ఎండలు ముదరకముందే మార్చిలో బయల్దేరాం.

తిరుగు ప్రయాణంలో స్టోవ్‌పైప్ వెల్స్ అనే చోటు దాటాక టౌన్ పాస్ ఘాట్ మొదలవుతుంది. 27 కిలోమీటర్లలో దాదాపు 5,000 అడుగులు ఎక్కాలి. మన దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్‌లో ఉన్నన్ని మలుపులుండవు. తిన్నగా, సాఫీగా కనిపిస్తుంది, కానీ ఎక్కుడు మాత్రం తగ్గదు. ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపమని బోర్డు ఉంటే ఆపేశాం. అయినా కొంత దూరం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు కదిలింది. ఆయన కిటికీలు తీసి హీటర్ ఫుల్లుగా పెట్టారు, ఇంజను వేడి కొంత అటు పోతుందని. పిల్లలు ఉక్కకు ఏడుపు. ముల్లు ఇంకా పైకే పోతుంటే రోడ్డు పక్కకు తీసి ఆపేశాం.

దిగి చూస్తే బానెట్ సందుల్లోంచి ఆవిరి, తియ్యటి వాసన. కింద కూలెంట్ కారుతోంది. ముందుగా టైర్ల వెనక రాళ్ళు పెట్టాను. నువ్వు నడిపే బస్సు ఘాట్‌లో ఆగితే మీ కండక్టర్ చేసే మొదటి పని అదే కదా. నువ్వైతే కొమ్మలు విరిచి బస్సు వెనక రోడ్డు మీద పరిచేవాడివి. అక్కడ విరవడానికి ఒక్క చెట్టు లేదు. బండిలో ఉన్న ఎర్ర త్రికోణాలు తీసుకెళ్ళి దూరంగా పెట్టాం.

ఆ టెన్షన్‌లో ఆయన చేతికి తువ్వాలు చుట్టుకుని కూలెంట్ డబ్బా మూత తిప్పబోయారు. నాన్నా, ఆ క్షణం నీ ముంజేతి మీద మచ్చ నా కళ్ళ ముందు కనిపించింది. అరిచి, ఆయన చెయ్యి పట్టి లాగేశాను. మార్కాపురం డిపో నుంచి నువ్వు చేతికి కట్టుతో వచ్చిన రోజు నాకు ఆరేళ్ళు. "చల్లారేదాకా రేడియేటర్ మూత జోలికి పోకూడదు తల్లీ" అన్నావు. ఆ మాట ఇంతకాలం నాలో ఎక్కడుందో నాకే తెలియదు.

సిగ్నల్ లేదు. గంటన్నర కూర్చున్నాం. ఈ బండి ఫ్రిజ్ గ్యాస్‌తో నడుస్తుంది, వాలులో ఆగినప్పుడు నడపకూడదట. దాన్ని ఆపేసి, ఉన్న పెరుగుతో అన్నం కలిపి పిల్లలకు పెట్టాను. అటుగా వెళ్ళే ప్రతి బండీ ఆగి నీళ్ళున్నాయా అని అడిగింది. చివరికి మాలాగే ఆర్వీలో వస్తున్న ఒక పెద్దాయన తన పనిముట్ల పెట్టెతో దిగారు. రేడియేటర్ పై గొట్టం క్లిప్పు దగ్గర చిట్లింది. చిట్లిన చివర కొంచెం కోసేసి, మిగతాది మళ్ళీ తొడిగి క్లిప్పు బిగించారు. మా క్యాన్లోని నీళ్ళు రేడియేటర్లో పోశాం. "ఎక్కకండి, వెనక్కి దిగండి" అన్నారు. దిగుడులో ఇంజనుకు శ్రమ ఉండదని నువ్వూ అనేవాడివి. కింది గేర్లో మెల్లగా స్టోవ్‌పైప్ వెల్స్ చేరాం. ఆయన మా వెనకాలే వచ్చి, మేం ఆగాక గానీ తన దారిన తాను వెళ్ళలేదు. పేరు అడగడం మర్చిపోయాను. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మెకానిక్ వచ్చి కొత్త గొట్టం వేశాడు. ఈసారి ఉదయం చల్లటి పూట ఎక్కాలని ఇంకో రాత్రి అక్కడే ఆగాం.

నీ మనవడు ఆ రోజు నుంచి తాతయ్య మచ్చ చూస్తానంటున్నాడు. ఆదివారం వీడియో కాల్‌లో చొక్కా చెయ్యి మడిచి చూపించు. బీపీ మాత్రలు మానకు.

నీ చిన్నమ్మాయి