పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారములు.

పేగు పూతకు మందులతో పనిలేదని, ఆహార నియమాలు పాటిస్తే దానంతట అదే పూర్తిగా మానిపోతుందని అర్థం వచ్చే వ్యాసమొకటి ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో చదివాను. మూడేళ్ళ క్రితమైతే దాన్ని కత్తిరించి వంటింటి గోడకు అంటించుకుని ఉండేదాన్ని. మా అమ్మాయికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పూత, ఉంది. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురూ జిగురూ కలిసిన విరేచనాలు అయ్యే జబ్బు అది. ఆ జబ్బు కొంత బాధ పెడితే, నేను పెట్టిన పథ్యం మరికొంత బాధ పెట్టింది.

మొదట్లో మేమూ అందరిలాగే వేడి చేసిందనుకుని మెంతి మజ్జిగ, బార్లీ నీళ్ళు పట్టించాము. తరవాత మూలశంక అన్నారు, ఎవరో పొడి ఇచ్చారు. ఆపైన మా వీధి చివరి ఆర్‌ఎంపీ గారు అమీబా మాత్రలు మూడు దఫాలు రాశారు, వేసినప్పుడల్లా కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలయ్యేది. ఇలా నాలుగు నెలలు గడిచాక విశాఖ తీసుకువెళ్ళి కొలనోస్కోపీ చేయించి, ముక్క తీసి పరీక్షకు పంపితే అప్పుడు తేలింది. మొలలకూ దీనికీ రక్తం ఒక్కటే పోలిక. నిద్రలోంచి లేచి మరీ పరుగెత్తవలసి రావడం, విరేచనంలో రక్తం జిగురుతో కలిసి ఉండటం, బరువు తగ్గడం వారాల తరబడి సాగుతుంటే మొలలని సరిపెట్టుకోకూడదు. ఇదే కోవకు చెందిన క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు. మన దేశంలో అది పేగు క్షయలాగే కనబడి అనుభవజ్ఞులైన డాక్టర్లను సైతం తికమక పెడుతుంది. పెద్దపేగు పూత, క్రోన్స్ రెండూ అంటువ్యాధులు కావు. మా ఇంటికి వచ్చిన ఒక బంధువు, మా అమ్మాయి తాగిన గ్లాసును వేరుగా పెట్టించింది కనుక ఈ మాట రాయవలసి వస్తోంది.

ఇక పథ్యం సంగతి. కామెర్లు వచ్చినా, పురుడు పోసుకున్నా, జ్వరం తగిలినా నోరు కట్టెయ్యడమే వైద్యంలో సగం అని నమ్మిన ఇంట్లో పుట్టి పెరిగాను. పేగులో పుండు ఉందన్నారు కాబట్టి పేగుకు పని చెప్పకూడదని నా లెక్క. పప్పు వాయువన్నాను, పాలు పడవన్నాను, పెరుగు చలవన్నాను, గుడ్డు వేడన్నాను, ఆకుకూరలో పీచు ఉందన్నాను. మిగిలింది మెత్తటి అన్నం, మిరియాల చారు, ఎప్పుడైనా రెండు ముక్కల బీరకాయ. అయిదు నెలల్లో 50 కిలోల పిల్ల 41 కిలోలకు దిగింది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చేది. హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయింది. రక్తం పోవడం వల్ల వచ్చిన నీరసానికి నా పస్తుల నీరసం తోడయిందని అప్పుడు నాకు తట్టలేదు.

అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి చేశాను. డాక్టరు గారు రాసిన మెసలమిన్ మాత్రలతో రక్తం ఆగితే, ఆ ఘనత నా పథ్యానికి కట్టబెట్టి, దసరాకు ముందు మాత్రలు మాన్పించేశాను. మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండుగ నాడు చుట్టాలందరితో పాటు అమ్మాయి కాస్త పులిహోర తిన్నది. ఎనిమిది రోజులకు జబ్బు తిరగబెట్టింది. ఇంటిల్లిపాదీ పులిహోరనే నిందించాము. ఆసుపత్రిలో డాక్టరు గారు పులిహోర ప్రస్తావన పూర్తిగా విని, "మాత్రలు ఎప్పుడు ఆపారమ్మా?" అని ఒక్క ప్రశ్న వేశారు. జబ్బు సద్దుమణిగాక కూడా మాత్రలు వేసుకునేది, అది మళ్ళీ లేవకుండా ఉండటానికే. ఆ తరవాత అమ్మాయి కొన్ని వారాల పాటు స్టెరాయిడ్ మింగవలసి వచ్చింది, ముఖం ఉబ్బి అద్దం చూసుకోవడం మానేసింది.

అలాగని ఆహారానికి ఏ పాత్రా లేదని నేను అనడం లేదు. పిల్లల్లో వచ్చే క్రోన్స్ వ్యాధికి ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు మామూలు తిండి ఆపి, ప్రత్యేకంగా తయారుచేసిన పోషక ద్రవం మాత్రమే ఇచ్చి స్టెరాయిడ్ అవసరం లేకుండానే వాపు తగ్గించే పద్ధతి ఉంది. అయితే అది డాక్టరు, డైటీషియన్ కలిసి తూకం వేసి ఇచ్చే సంపూర్ణ ఆహారం, పస్తు కాదు. పైగా పెద్దపేగు పూతలో దానికి అంతటి ఫలితం కనబడలేదు. ఒకే కుటుంబానికి చెందిన రెండు జబ్బులకే ఆహారం ఇలా వేరువేరుగా పనిచేస్తుంటే, అందరికీ కలిపి ఒకే పట్టిక ఎలా అచ్చువేస్తారు?

విశాఖలో మాకు ఇచ్చిన ఆహార పట్టికలో ఓట్స్, బ్రకోలి, ఆలివ్ నూనె ఉన్నాయి. మా వంటింట్లో ఉన్నవి ఆనపకాయలు, చోడి (రాగి) పిండి, నువ్వుల నూనె. చివరికి ఒక డైటీషియన్ అమ్మాయి ఓపిగ్గా కూర్చుని మా వంటలనే అడిగి అడిగి చెప్పింది. జబ్బు ఉద్ధృతంగా ఉన్నప్పుడు పేగు గుండా రక్తం, మాంసకృత్తులు కారిపోతుంటాయి కాబట్టి తిండి తగ్గించడం కాదు, తేలిగ్గా అరిగేలా చేసి పెంచాలట. మెత్తటి అన్నంలో చిక్కగా ఉడికిన పెసరపప్పు, ఉడికించిన గుడ్డు, కారం లేకుండా వండిన చేప, చెక్కు తీసి గింజలు తోడేసిన ఆనపకాయ, పొట్లకాయ ఆ రోజుల్లో పెట్టాము. చోళ్ళు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి ఆడించిన పిండిని పలచని పాత చీర ముక్కలో జల్లిస్తే పొట్టు పైన నిలుస్తుంది, అడుగుకు దిగిన మెత్తటి పిండితో జావ కాచాలి. నూరు గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, స్టెరాయిడ్ వాడేవారి ఎముకలకు అది ఎంత అవసరమో డాక్టర్లే చెబుతారు. పాలు పడకపోయినా పెరుగు చాలామందికి పడుతుంది, ఎందుకంటే పాలలోని లాక్టోజును తోడు కొంతవరకు ముందే విరిచేస్తుంది.

జబ్బు సద్దుమణిగాక పీచును చూసి భయపడనక్కరలేదు. పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తుంది, పేగు లోపొర కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. ఆకుకూరలు, పళ్ళు మేము ఒక్కొక్కటిగా కలిపాము, వారానికి ఒక కొత్త వస్తువు చొప్పున. ఇందుకోసం అమ్మాయి రెండు రూళ్ళ నోటుబుక్కులో ఏం తిన్నదీ, ఎన్నిసార్లు వెళ్ళిందీ, రక్తం ఉన్నదీ లేనిదీ రాసుకునేది. ఆర్నెల్ల రాతలు తిరగేస్తే తేలినదేమిటంటే, నేను అయిదు నెలలు నిషేధించిన వాటిలో నిజంగా తనకు పడనివి పాలు, పచ్చిమిరప కారం, ఆవ దట్టంగా పెట్టిన కూర, ఈ మూడే. పనసపొట్టులో ఆవ పెట్టకుండా వండటం మా అత్తగారి దృష్టిలో నేరమే అయినా, ఆ నేరం ఇప్పుడు మా ఇంట్లో యథేచ్ఛగా జరుగుతోంది. క్రోన్స్ వల్ల పేగు ఇరుకైనవారి మాట వేరు: పనసపొట్టు, మొక్కజొన్న, జామ గింజలు, ములక్కాడ పిప్పి వారికి పేగులో అడ్డుపడే ప్రమాదం ఉంది, డాక్టరును అడగకుండా ముట్టకూడదు.

అలవాట్లలో ముఖ్యమైనది పొగ. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ముసలమ్మలు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం కొత్త విషయం కాదు, దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి అందరూ విన్నారు. పొగాకు క్రోన్స్ వ్యాధిని మరింత ముదరబెడుతుందన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. ప్యాకెట్ తిండి విషయంలోనూ జాగ్రత్త మంచిది. పదార్థాలు విడిపోకుండా కలిపే, ప్యాకెట్ మీద 433, 466 నంబర్లతో రాసే రసాయనాలు పేగును కాపాడే జిగురు పొరను పలచబరుస్తాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనబడింది.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది నొప్పి మాత్రల గురించి. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి సద్దుమణిగిన జబ్బును రేపగలవు. ఇవే మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బులతో అల్లాడిన ఉద్దానం కన్నీళ్ళు చూసిన ప్రాంతం మనది. అక్కడివారికి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. మెసలమిన్ కూడా అరుదుగా మూత్రపిండాల మీద ప్రభావం చూపుతుంది కాబట్టి అది వాడేవారు డాక్టరు చెప్పిన గడువుల్లో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. మాత్ర ఆపెయ్యడానికి ఇది సాకు కారాదు. అలాగే పెద్దపేగు పూత వచ్చి ఎనిమిదేళ్ళు దాటినవారు క్యాన్సర్ జాడ కోసం కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉండాలని చెబుతారు, ఒంట్లో బాగానే ఉందని దాన్ని దాటవేసేవారే ఎక్కువ.

ఇప్పుడు అమ్మాయి 49 కిలోలు ఉంది, ఉద్యోగం చేసుకుంటోంది. పెళ్ళి మాటలప్పుడు జబ్బు దాచమని సలహా ఇచ్చేవారు చాలామందే ఉన్నారు, తను మాత్రం దాచనంటోంది. జబ్బు అదుపులో ఉన్నప్పుడు చాలామంది తల్లులవుతున్నారని, ఏ మందు ఉంచాలో ఏది మార్చాలో ముందుగానే చూసుకుంటే చాలని డాక్టరు గారు చెప్పారు.

అధికారులకు నా విన్నపాలు రెండే. పేగులో వాపు ఉందో లేదో మలం ద్వారా చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులకు ఉచితంగా అందాలి, అది ఉంటే మొలల మందుతో నెలలు వృథా కావు. వారానికి ఒక పూటైనా ఆ ఆసుపత్రుల్లో ఒక డైటీషియన్ కూర్చుని, మన వంటల పేర్లతో, తెలుగులో, రోగి వెంట వచ్చిన తల్లికో అత్తకో చెప్పే ఏర్పాటు ఉండాలి. సంపాదకులైన తమకు విన్నవించేది ఒక్కటే: ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అంతే జాగాలో, పేగు జబ్బుల నిపుణుల చేత మరో వ్యాసం రాయించండి. మొదటి వ్యాసం చదివి ఈ వారం ఏ ఇంట్లో మాత్రలు పక్కన పెట్టారో మనకు తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం