పదకొండు బొమ్మలు బాకీ, ఒక చెవి తప్పు

ఫోటోలు చూసి పెంపుడు కుక్కలకూ పిల్లులకూ పెన్సిల్‌తో బొమ్మలు గీసిచ్చే పని నాది. జూన్‌లో అడ్వాన్సు ఇచ్చినవారికి ఆగస్టు 15లోపు బొమ్మ చేతికిస్తానని మాట ఇచ్చాను. సెప్టెంబరు సగం గడిచిపోయింది. ఇంకా 11 బొమ్మలు బాకీ ఉన్నాను. ఫోన్ చేసినవారికి వాన అన్నాను, జ్వరం అన్నాను, ఫ్రేముల దుకాణం ఆలస్యం అన్నాను. అబద్ధాలేమీ కావు. కానీ అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జూలైలో ఒక బొమ్మ మొదటినుంచీ మళ్లీ వేయాల్సి వచ్చింది. మల్కాజిగిరిలో ఒక ఇంటివాళ్ల కుక్క, పేరు రాజు. పదమూడేళ్లు బతికి ఈ వేసవిలో పోయాడు. చిన్నప్పుడు వీధికుక్కలతో కొట్లాడి ఒక చెవి కొస చింపుకున్నాడట. ఆ చిరుగు నాకు ఎంత నచ్చిందంటే, ఒక పూటంతా దానిమీదే కూర్చున్నాను. ఏ3 కాగితం, 26 గంటల పని. తీసుకెళ్లి చూపిస్తే ఆ ఇంటి పెద్దావిడ కాసేపు చూసి, “బొమ్మ బాగుంది నాయనా, వీడు మాత్రం మా రాజు కాదు” అన్నారు. చిరిగింది ఎడమ చెవి. నేను వేసింది కుడి చెవి.

వాళ్ల అబ్బాయి రాజును ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు కెమెరాతో తీసిన ఫోటో అది. కొన్ని ఫోన్లు అలాంటి ఫోటోను అద్దంలో కనిపించినట్టే దాచిపెడతాయి. అందులో అబ్బాయి చొక్కా మీది అక్షరాలు తిరగబడి ఉన్నాయి. నెలరోజులు ఆ ఫోటో నా బల్లమీదే ఉంది. కుక్కను చూశాను గానీ చొక్కాను చూడలేదు.

చెవి ఒక్కటీ చెరిపి వేసేయవచ్చు కదా అని ఆ అబ్బాయి అడిగాడు. కుదరదు. ముదురు నలుపు కోసం 6బి పెన్సిల్‌తో అదిమి రుద్దితే అది కాగితం గరుకులోకి దిగిపోతుంది, రబ్బరుకు పూర్తిగా రాదు. మీసాల సంగతి ఇంకా మొండిది. అవి తెల్లగా కనిపించాలంటే, పెన్సిల్ ముట్టకముందే సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో కాగితాన్ని నొక్కి గీతలు లాగుతాను. తర్వాత పైన నలుపు రుద్దితే ఆ గాడిలోకి పెన్సిల్ దిగదు, తెల్లగీత మిగులుతుంది. తెల్ల వెంట్రుక గీయడం అంటే దాన్ని గీయకుండా వదిలేయడమే. పడిన గాడిని మళ్లీ పూడ్చలేం. కాబట్టి కొత్త కాగితం తీశాను. దానికి డబ్బు తీసుకోలేదు. తప్పు నాది. మీ అందరి బొమ్మలూ వెనక్కి జరిగింది అక్కడే.

వాన కూడా తనవంతు చేసింది. చిక్కడపల్లిలో మా గది పడమటి గోడ ఆగస్టంతా చెమ్మగానే ఉంది. గాలిలో తడి ఉన్నప్పుడు కాగితం అంచులు అలలు తిరుగుతాయి. పెన్సిల్ రాలిపోకుండా చివర్లో కొట్టే స్ప్రే తెల్లటి పొరలా పాలిపోవచ్చు. ఆ పొర పడిందంటే అంత పనీ బూడిదలో పోసినట్టే. అందుకే ఎండ వచ్చేదాకా మూడు బొమ్మలు ఆపాను.

ఇకనుంచి నెలకు 5 బొమ్మలే ఒప్పుకుంటాను. ఏ4 సైజులో ఒక ముఖానికి 3,500 రూపాయలు ఉండేది, కొత్తవారికి 4,200. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే. ఆగలేమన్నవారికి అడ్వాన్సు మొత్తం తిరిగి పంపిస్తాను, నొచ్చుకోను. మిగతావారికి ఆర్డరు ఇచ్చిన వరుసలోనే, దీపావళిలోపు.

ఫోటోల గురించి ఒక మాట. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, మీరు నేలమీద కూర్చుని మీ కుక్క లేదా పిల్లి కళ్ల ఎత్తులో తీయండి. మరీ దగ్గరికి వెళితే ముక్కు వంకాయంత అవుతుంది. ఫ్లాష్ వద్దు. కుక్కలకూ పిల్లులకూ కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, ఫ్లాష్ పడితే కళ్లు పచ్చగా మండుతాయి, నాకు వాటి అసలు రంగు తెలియదు. యాప్‌తో మెరుగులు దిద్దకండి. అది లేని వెంట్రుకలు పుట్టిస్తుంది, ఉన్న మచ్చలు మింగేస్తుంది. చనిపోయిన కుక్కలకూ పిల్లులకూ అయితే ఈ షరతులేవీ లేవు. మసకవైనా, పాతవైనా, ఉన్నవన్నీ పంపండి. వీడియో ఉంటే మరీ మంచిది. మచ్చ, చిరుగు, గాయం ఏ వైపు ఉండేవో మాటల్లో రాయండి. ఇకమీదట ఆ మాట అందాకే పెన్సిల్ పట్టుకుంటాను.

ఈ వారం బల్లమీద ఉన్నది బర్కత్‌పురా నల్లపిల్లి. నల్లపిల్లిలో నలుపు తక్కువ, కిటికీ వెలుతురే ఎక్కువ, అందుకే నెమ్మదిగా సాగుతోంది. ఆ పిల్లిగారి ఇంటివారికి చిన్న మనవి: మీరు పంపిన ఫోటోలో కుడివైపు మీసాలు సోఫా దిండు చాటున పడ్డాయి. రేపు ఉదయంలోపు ఆ వైపునుంచి ఒక ఫోటో తీసి పంపండి. గాడి గీసేశాక నేను చేయగలిగేదేమీ లేదు.