క్షయ రోగి మాత్ర మానకుండా చూడండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి నమస్కారాలు. క్షయ రోగుల ఇళ్లకు వెళ్లి, మందులు సక్రమంగా వేసుకుంటున్నారో లేదో చూసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. చికిత్స మధ్యలో ఆపేసి హోమియో గుళికలకు మారిపోతున్న వారి గురించి మీకు రాయక తప్పడం లేదు.

వారు ఎందుకు మారుతున్నారో ముందు చెబుతాను. మందులు మొదలైన రోజుల్లోనే మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. అది రిఫాంపిసిన్ మాత్ర రంగే, దానివల్ల హాని లేదు. ఆ మాట ముందుగా ఎవరూ చెప్పకపోతే రక్తం పోతోందని రోగి హడలిపోతాడు. దానికి వికారం, కీళ్ల నొప్పులు తోడవుతాయి. ఇంగ్లీషు మందులు వేడి చేశాయని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. రద్దీగా ఉండే ఆసుపత్రిలో డాక్టరు గారిని అడిగే ధైర్యం వారికి ఉండదు. హోమియో వైద్యుడు మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆకలి, నిద్ర, దిగులు అన్నీ ఓపికగా అడుగుతాడు. ఆ ఓపికను నేను గౌరవిస్తాను. కానీ ఆయన ఇచ్చే గుళిక క్షయను నయం చేయదు.

క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని రాబర్ట్ కోచ్ 1882లోనే ప్రకటించాడు. దాన్ని చంపే మందులే కావాలి. హోమియోలో 30 పొటెన్సీ అంటే నూటికి ఒక వంతు చొప్పున 30 సార్లు పలుచన చేయడం. చివరికి అసలు పదార్థం అణువైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. క్షయకు హోమియోను తాము సిఫారసు చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2009లోనే స్పష్టం చేశారు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇంకొకటి. మామూలు క్షయకు చికిత్స 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు మందులు పడేసరికి దగ్గు తగ్గుతుంది, ఒళ్లు తేరుకుంటుంది. సరిగ్గా అప్పుడే గుళికలకు మారిన మనిషికి, తనను బాగుచేసింది గుళికలే అనిపిస్తుంది. ఆ మాట ఊరంతా పాకుతుంది. తర్వాత జబ్బుపడినవాడు కళ్లె పరీక్షకు కూడా పోకుండా నేరుగా అక్కడికే వెళతాడు. మొదటివాడి ఊపిరితిత్తుల్లో మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. ఈలోగా ఇంట్లో పసిపిల్లలు అదే గాలి పీలుస్తుంటారు.

మా జిల్లాలో ఈ ముప్పు మరీ ఎక్కువ. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో రాతి ధూళి పీల్చేవారికి, ఉద్దానంలో మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి క్షయ తేలిగ్గా సోకుతుంది. మూత్రపిండాల రోగులకైతే కొన్ని మందుల మోతాదు కూడా మార్చాలి. అది గుళికలతో కాలక్షేపం చేసే జబ్బు కాదు.

హోమియో వైద్యులను శత్రువులుగా చూడమని నేను అడగడం లేదు. రెండు వారాలు దాటిన దగ్గుతో వచ్చిన ప్రతివారినీ కళ్లె పరీక్షకు పంపాలని, టీబీ మాత్రలు ఆపమని ఎవరికీ చెప్పరాదని వారికి ఉత్తర్వులివ్వండి. క్షయను నయం చేస్తామంటూ ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టమే నిషేధించింది. దాన్ని అమలు చేయించండి. మాత్రలు మొదలుపెట్టిన రోజే ప్రతి రోగితో తీరిగ్గా మాట్లాడే మనిషిని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెట్టండి. మూత్రం రంగు గురించి ముందే చెప్పాలి. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా వెంటనే రమ్మనాలి. పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు వస్తాయని గుర్తుచేయాలి.

చెన్నైకి, హైదరాబాద్‌కు, గుజరాత్ తీరానికి పనులకు వెళ్లిన మావాళ్లలో చాలామంది సంక్రాంతికి ఇళ్లకు వస్తారు. ఆ వారం రోజులూ ఊళ్లలోనే కళ్లె పరీక్షలు జరిపించి, జబ్బు బయటపడినవారికి తిరిగి వెళ్లే చోట కూడా మందులు అందేలా ఏర్పాటు చేయించమని వేడుకుంటున్నాను.

భవదీయురాలు,
క్షయ చికిత్స కార్యకర్త,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా