కార్యవర్గంలోకి ఎందుకు రావాలంటే

అందరికీ నమస్కారం. మానసిక జబ్బులున్నవాళ్ల కోసం పనిచేసే మన సంస్థ కార్యవర్గంలో రెండు స్థానాలు ఖాళీ అయ్యాయి. "జీతం లేదు, ఛార్జీలూ మనవే, ఎందుకండీ?" అని మొన్న ఒకరు అడిగారు. నా సంగతి చెప్తాను.

మా తమ్ముణ్ణి మొదటిసారి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు చుట్టాలకు తిరుపతి వెళ్తున్నామని చెప్పాం. పక్కింటావిడ ప్రసాదం అడిగితే అమ్మ కొట్లో లడ్డూలు కొని పంచింది. మందుల చీటీ బియ్యం డబ్బాలో దాచింది. ఆ డబ్బా గుర్తొస్తే నాకు మీటింగ్ మానాలనిపించదు.

కౌన్సెలింగ్ మన పని కాదు, అది శిక్షణ ఉన్నవాళ్లు చేస్తారు. మనం లెక్కలు చూడాలి, ఆడిట్ చేయించాలి, మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలి మానస్ నంబరు 14416 ఊళ్లలో గోడల మీద రాయించాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఈ జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తించాలని ఇళ్లకు వెళ్లి చెప్పాలి.

ఇంట్లో ఈ బాధ పడ్డవాళ్లు ఉంటే చర్చే మారిపోతుంది. మందులు నెలకోసారి ఇద్దామని తీర్మానం రాయబోతుంటే, ఒక తల్లి "పదిహేను రోజులకే ఇవ్వండి, ఇంట్లో ఎక్కువ మాత్రలుంటే నాకు నిద్ర పట్టదు" అన్నారు. వెంటనే మార్చాం. మాలో ఎవరికీ తట్టలేదు ఆ మాట.

నెలకు ఒక సాయంత్రం చాలు. రాగలిగినవాళ్లు ఆదివారంలోపు నాకు విడిగా మెసేజ్ పెట్టండి.