కరెంటు మిస్త్రీ గారికి కృతజ్ఞతలు, వీధి బోర్డు వాడేవారికి కొన్ని జాగ్రత్తలు

ఒడిశా పర్లాకిమిడిలో మా వీధి పిల్లల చదువు గదికి పుస్తకాల అరలు బిగించి ఇచ్చిన కరెంటు మిస్త్రీ గారికి, పాతపట్నం నుంచి వచ్చి చెక్క పని చేసిన వడ్రంగి బాబాయికి, సామాను కొన్న ధరకే ఇచ్చిన హార్డ్‌వేర్ కొట్టు వారికి అందరి తరఫునా కృతజ్ఞతలు. అరలు కంటికి కనబడుతున్నాయి కాబట్టి చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. కనబడని సాయం ఇంకొకటి ఉంది. మిస్త్రీ గారు డ్రిల్లింగ్ మిషను ముట్టుకోక ముందు వైరు సంగతి చూశారు. పాత ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కన పెట్టించి కొత్తది కట్టారు, పని అయ్యాక దాన్ని వీధి వాడకానికే వదిలేశారు. రేపు వినాయక చవితి పందిరికి, ఎల్లుండి ఎవరింట్లోనో కర్టెన్ రాడ్డుకి అది చేతులు మారుతూ పోతుంది. అందుకని దాన్ని ఎలా కట్టారో, ఎందుకలా కట్టారో కూడా ఈ కృతజ్ఞతలతో పాటే రాసి పెడుతున్నాం.

గోడకి గుచ్చే 16 ఆంపియర్ల త్రీ పిన్ టాపు, దాని వెంట ఒక మీటరు వైరు, తర్వాత ప్లాస్టిక్ పెట్టె. పెట్టెలో 10 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అక్కడి నుంచి 20 మీటర్ల మూడు తీగల రాగి వైరు, ఒక్కో తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లు. చివర్లో రెండు సాకెట్లు. పెట్టె సాకెట్ల వైపు కాకుండా గోడ వైపు ఎందుకుందని చాలామంది అడిగారు. వైరు 20 మీటర్లలో ఎక్కడైనా తెగొచ్చు, తలుపు సందులో నలగొచ్చు, ఎలుక కొరకొచ్చు. పెట్టె వైరుకి ముందే ఉంటే ఆ పొడవంతా దాని కాపలాలో ఉంటుంది. చివర్లో పెడితే సాకెట్ల తర్వాత జరిగినదాన్నే అది పట్టుకోగలదు.

ఆ రెండు స్విచ్చుల పని ఒకటి కాదు. ఎంసీబీ వైరుని కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. ఒంట్లోంచి 50 మిల్లీ ఆంపియర్లు పోతే గుండె ఆగవచ్చు. 10 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని ఆర్‌సీసీబీ చూస్తుంది, తేడా వస్తే రెప్పపాటులో పడిపోతుంది. దానికీ హద్దుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాడు దానికి బల్బులాగే కనబడతాడు, అప్పుడది కాపాడలేదు.

బోర్డు తీసుకున్న ప్రతిసారీ పెట్టె మీది ‘టి’ బొత్తాం నొక్కండి. స్విచ్చి టక్కున పడాలి. పడకపోతే ఆ రోజు పని లేదు. పడినంత మాత్రాన ఎర్త్ బాగుందని మాత్రం అనుకోవద్దు. ఆ బొత్తాం ఎర్త్ తీగతో సంబంధం లేకుండానే పనిచేస్తుంది. పాత ఇళ్లలో సాకెట్‌కి మూడో కన్నం ఉంటుంది గానీ దాని వెనక తీగే ఉండదు. టెస్టర్ వెలిగితే ఫేజు ఉందని తెలుస్తుంది, ఎర్త్ సంగతి అది చెప్పదు. ఆ పరీక్ష తెలిసినవాళ్ల చేత చేయించుకోండి.

ఇక పాత బోర్డు ఎందుకు పోయిందో చెప్పాలి. అది కూడా 20 మీటర్లే, కానీ తీగ 0.75 చదరపు మిల్లీమీటర్ల మందమే, మధ్యలో రెండు టేపు అతుకులు. ఒక్క 600 వాట్ల డ్రిల్లు మిషనుకి రెండున్నర ఆంపియర్లు చాలు, దానికి ఆ తీగ సరిపోతుంది. తంటా అంతా రెండో సాకెట్‌తోనే. 850 వాట్ల హ్యామర్ డ్రిల్లు, 1200 వాట్ల మార్బుల్ కట్టరు కలిపి నడిపితే దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. ఆ సన్నతీగ పోను రాను 40 మీటర్లు, నిరోధం ఒక ఓము పైచిలుకు. అంటే 80 వాట్లకు పైగా వేడి వైరులోనే పుడుతుంది. పరిచి ఉంచితే గాలికి పోతుంది. చుట్ట చుట్టే ఉంచి ‘నాకు కావలసింది మూడు మీటర్లే కదా’ అనుకుంటే ఆ వేడి చుట్ట మధ్యలోనే ఉండిపోయి, 70 డిగ్రీలకు మించి తట్టుకోలేని పీవీసీ తొడుగు మెత్తబడి తీగలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కొత్తది రెట్టింపు మందం కాబట్టి వేడి సగమే. అయినా సరే, వాడేటప్పుడు వైరు మొత్తం విప్పాల్సిందే. ఒక బోర్డుకి ఇంకో బోర్డు గొలుసు కట్టకండి. గొలుసులో అన్నిటికంటే సన్నతీగే అందరి బరువూ మోస్తుంది, ప్రతి అతుకూ ఒక పొయ్యి.

సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు మిషను నీరసంగా తిరుగుతుంది. తిరగట్లేదని ఒళ్లు వేసి నొక్కితే వేగం ఇంకా తగ్గుతుంది. లోపలి ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి గాలి తగ్గి మోటారు వాసన కొడుతుంది. అలాంటప్పుడు బిట్టు (కన్నం వేసే పుల్ల) గోడలోంచి బయటికి తీసి అర నిమిషమో నిమిషమో ఉత్తినే తిప్పితే చల్లబడుతుంది.

మిషను పేరు పలక మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్‌ది. టాపుకి రెండే పిన్నులు ఉంటాయి, అది లోపం కాదు. కట్టర్లు, పాత ఇనుప ఒంటి మిషన్లు కొన్ని మూడు పిన్నులతో వస్తాయి. వాటి ఎర్త్ పిన్ను విరిచేయడం, టాపు ఊడిపోతే ఒట్టి తీగలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లతో బిగించడం మన బజార్లో రోజూ చూస్తున్నదే. ఈ బోర్డు మీద అగ్గిపుల్ల కనబడితే మళ్లీ ఇచ్చేది లేదని ముందే చెబుతున్నాం.

కరెంటు పోయినప్పటి సంగతి ఇంకా ముఖ్యం. మిషను పిడి మీద ట్రిగ్గరు పక్కన చిన్న లాక్ బొత్తాం ఉంటుంది, దాన్ని నొక్కితే వేలు తీసినా మిషను తిరుగుతూనే ఉంటుంది. అది నొక్కి ఉండగా కరెంటు పోయిందనుకోండి, మిషను ఆగింది కదా అని కింద పెడతారు. పది నిమిషాల తర్వాత కరెంటు వస్తే అది నేల మీద తనంతట తానే లేచి, వైరుని చుట్టుకుని దొర్లుతుంది. నిచ్చెన మీద ఉన్నవాడి చేతిలో లేస్తే ఇంకా ఘోరం. కాబట్టి కరెంటు పోగానే టాపు పీకండి. మళ్లీ గుచ్చే ముందు ట్రిగ్గరు ఒకసారి గట్టిగా నొక్కి వదిలితే లాక్ విడిపోతుంది. గోడకి చేసే పనిలో లాక్ అసలు వాడకపోతేనే నయం.

బిట్టు మార్చేటప్పుడూ టాపు పీకే ఉండాలి. బిట్టుని పట్టి ఉంచే మూతిని చక్కు అంటారు, దానికి ఉన్న మూడు కన్నాల్లోనూ తాళం పెట్టి బిగించి, తాళం తీసి పక్కన పెట్టాలి. చేతి తొడుగులు వద్దు, తిరిగే బిట్టు గుడ్డని పట్టుకుంటే చేతిని కూడా లాగుతుంది. మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, విప్పిన జుట్టు కూడా అంతే. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి, స్లాబుకి కన్నం వేసేటప్పుడు దుమ్ము నేరుగా ముఖం మీదే పడుతుంది.

గోడ ఎక్కడ తొలవాలో మిస్త్రీ గారు బాగా చూపించారు. స్విచ్చి బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా తొలవకూడదు, లోపలి పైపు ఆ దారినే పోతుంది. చదువు గది ఎంసీబీ ఆపేసి, ఎదురింటి నుంచి బోర్డు లాక్కుని పని చేశారు. 20 మీటర్ల వైరు అందుకే. 50 మిల్లీమీటర్ల రావల్ ప్లగ్గుకి (స్క్రూ పట్టుకోవడానికి గోడలో దూర్చే గొట్టం) 8 మిల్లీమీటర్ల బిట్టుతో 60 లోతు, ఆ పది అదనం దుమ్ముకి. లోతు గుర్తుకి బిట్టు మీద టేపు చుట్టారు. గిలాబు 12, 15 మిల్లీమీటర్లు పోగా మిగతాది ఇటుకలో కూర్చోవాలి, ఇటుకల మధ్య సందులో కాదు. మిషను గుద్దుతూ తిరిగేలా చేసే హ్యామర్ మీట ఇటుకకీ కాంక్రీటుకీ మాత్రమే. చెక్క, ఇనుము, టైల్సు మీద తీసేయాలి. స్లాబులో చువ్వ తగిలితే పక్క పిడి పట్టుకోకపోతే చెయ్యి మెలితిరుగుతుంది. అక్కడ పంతం పట్టకుండా కన్నం పక్కకి జరపండి. బిట్టు కాలిందని నీళ్లు పోయొద్దు.

ఎవరికైనా షాక్ కొడితే ముందు టాపు పీకాలి, లేదా పెట్టె స్విచ్చి దించాలి. మనిషిని ముట్టుకోవడం ఆ తర్వాతే. 108కి ఫోను చేయండి.

వానాకాలంలో సాకెట్లు నేల మీద పెట్టకుండా స్టూలు మీదో, గోడకి వేలాడదీసో ఉంచండి. టాపు పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని కాదు. మిషను పిడిలోకి వైరు దూరే చోట రబ్బరు గొట్టం చీలితే లోపల తీగ విరిగి మిషను ఆగి ఆగి తిరుగుతుంది. ఆ ముక్క కోసేసి మళ్లీ బిగించుకోవాలి, టేపు పనికిరాదు.

ఈ జాగ్రత్తల్లో ముఖ్యమైనవి ఒడియాలో కూడా రాసి పెట్టె మూతకి అంటించిన బడి మాస్టారు గారికి, పని జరిగినన్నాళ్లు తమ ఇంటి పాయింటు నుంచి కరెంటు ఇచ్చిన ఎదురింటి పిన్ని గారికి కూడా కృతజ్ఞతలు. బోర్డు చదువు గది బీరువాలో ఉంటుంది. తీసుకెళ్లేవారు పుస్తకంలో పేరు రాయండి, తిరిగి ఇచ్చేటప్పుడు వైరు పొడవునా గుడ్డతో తుడుస్తూ నలిగిన చోటు ఉందేమో చూడండి. ఉంటే దాచకుండా చెప్పండి, డబ్బు అడగం.