ఆవు కొమ్ములో ఎరువు, గ్లాసులో మిరియాల ఘాటు

ఒరేయ్ శీనూ,

మిర్చి కోతలు అయిపోయాయా? చెల్లెమ్మా పిల్లలూ ఎలా ఉన్నారు? ఇక్కడ ఒక రెడ్ వైన్ తాగాను, అప్పట్నుంచి నీకు చెప్పాలని మనసు కొట్టుకుంటోంది. జీవామృతం కలిపి సేద్యం చేసేవాడివి, నీకు కాక ఇంకెవరికి చెప్పను!

ఫ్రాన్స్‌లో లియోన్ నగరం నుంచి రోన్ నది వెంబడి దక్షిణంగా రైల్లో వెళ్తే టాన్ లెర్మిటాజ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరి వెనకే నిటారు కొండ, రాతిగోడలు కట్టి మెట్లు మెట్లుగా ద్రాక్ష. ఆ వాలులో చాలా పని చేత్తోనే చెయ్యాలి. అక్కడ వైన్ చేసే షపూటియే అనే సంస్థ వాళ్లు తమ తోటల్ని 1990ల మొదట్లోనే బయోడైనమిక్ పద్ధతికి మార్చేశారు.

ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ 1924లో ఇచ్చిన ఉపన్యాసాలతో మొదలైన పద్ధతిరా ఇది. ఆవు కొమ్ములో పేడ కూరి చలికాలమంతా మట్టిలో పాతిపెడతారు. తర్వాత తవ్వితీసి, నీళ్లలో గంటసేపు సుడి తిరిగేలా కలిపి చల్లుతారు. హెక్టారుకి 100 గ్రాములు చాలట! నువ్వేమో ఎకరానికి 200 లీటర్ల జీవామృతం పోస్తావు. అంత పిసరుతో నేల మారుతుందంటే నాకు నమ్మకం కుదరలేదు. చంద్రుణ్ణి చూసి పనులు పెట్టుకోవడమూ అంతే. కానీ కలుపుమందు ముట్టకుండా, మనం తెగుళ్లకి కొట్టే బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం) కూడా లెక్కగా వాడుతూ, ఎప్పుడూ తోటలోనే తిరిగేవాడి పంట బాగుంటుందని మాత్రం గట్టిగా నమ్ముతాను.

నేను తాగింది వాళ్ల ‘మోనియే ద లా సిజెరాన్’, సిరా అనే రకం ద్రాక్షతో చేసింది. సీసా పట్టుకోగానే లేబుల్ మీద చుక్కలు వేళ్లకి తగిలాయి. బ్రెయిలీ! ఆ తోట ఒకప్పటి సొంతదారుల కుటుంబంలో మోరిస్ ద లా సిజెరాన్ అని చూపులేని ఆయన ఉండేవాడు, ఫ్రెంచి బ్రెయిలీకి సంక్షిప్త లిపి కూర్చింది ఆయనే. ఆయన గౌరవార్థం 1996లో ఈ వైన్‌తోనే బ్రెయిలీ లేబుళ్లు మొదలుపెట్టారు. ఎంత మంచి పనో కదా!

పోయగానే పెద్దగా వాసన లేదు. అరగంట గ్లాసులో వదిలేశాక, అబ్బ, అప్పుడే దంచిన మిరియాలు, వెనకాల కాస్త పొగ. తీపి అస్సలు లేదు. నేరేడుపండు తిన్నట్టు వగరు చిగుళ్లని పట్టేసింది, మింగాక కూడా ఆ ఘాటు చాలాసేపు వదల్లేదు. అది కొమ్ము ఎరువు మహిమ కాదులే. సిరాలో రోటండోన్ అనే పదార్థం ఉంటుంది, మన మిరియాల్లో ఉండేదీ అదే.

వేసవిలో వస్తున్నాను, ఒక సీసా తెస్తా. గోంగూర మాత్రం వద్దు, ఆ పులుపు దీన్ని చంపేస్తుంది. చెల్లెమ్మని మిరియాల మటన్ వేపుడు చేయమను. మీ ఊరి ఎండకి, తాగేముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి.

నీ
రఘు